పెరటి చెట్టుకు పరాయి సంతలో ధర



మాంచెస్టర్ అన్న పేరు మన మిల్లు కార్మికులకు కొత్త కాదు. అహ్మదాబాద్‌ను భారతదేశపు మాంచెస్టర్ అనీ, కోయంబత్తూరును దక్షిణ భారత మాంచెస్టర్ అనీ మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఒకప్పుడు ప్రపంచానికంతా నూలు, గుడ్డ పంపిన ఊరది. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చేసిన ఒక బేరం గురించి ఈ సంచికలో నాలుగు మాటలు రాయదలచుకున్నాము.

బేరం ఇది. 2012లో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు నుంచి పాల్ పోగ్బా అనే పందొమ్మిదేళ్ళ కుర్రవాడు వెళ్ళిపోయాడు. అతన్ని తీసుకున్న ఇటలీ క్లబ్బు యువెంటస్ నుంచి మాంచెస్టర్‌కు పరిహారంగా ముట్టింది సుమారు 8 లక్షల పౌండ్లు. 2016 ఆగస్టులో అదే కుర్రవాణ్ణి అదే మాంచెస్టర్ క్లబ్బు 8 కోట్ల 93 లక్షల పౌండ్లు పోసి తిరిగి కొనుక్కుంది. నాలుగేళ్ళలో నూరు రెట్లకు పైగా. అప్పటికి ప్రపంచంలో ఏ ఆటగాడికీ ఎవరూ అంత ధర పెట్టలేదు.

బంతాటకూ బట్టల మిల్లుకూ సంబంధం ఏమిటి, యూనియన్ వాళ్ళకు వేరే పని లేదా అని కొందరు అడగవచ్చు. మన పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్లలో ఈ ఆటలే చూస్తున్నారు. వాళ్ళు చెప్పే కోట్ల లెక్కలు విని మనం నోరు వెళ్ళబెడుతున్నాము. ఆటగాళ్ళకు అదృష్టం, మనకు తలరాత అని సరిపెట్టుకుంటున్నాము. అది సరి కాదు. ఆ కోట్ల వెనుక ఉన్నది తలరాత కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

మా అభిప్రాయం ముందే చెబుతాము. పోయినవాణ్ణి ఎక్కువ ధర పెట్టి తిరిగి తెచ్చుకోవడం తప్పు కాదు. ఇంట్లో ఉన్నప్పుడు అతని విలువ తెలుసుకోకపోవడం తప్పు. తిరిగి తెచ్చుకున్నాక కూడా పని చేసే తీరును మార్చకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఇక ఆ నూరు రెట్ల ధర అతని కాళ్ళలోని నైపుణ్యం వల్ల మాత్రమే రాలేదు. పని వదిలి వెళ్ళే హక్కు అతనికి ఉంది కాబట్టి వచ్చింది. ఆ హక్కును ఎవరూ దానంగా ఇవ్వలేదు.

కుర్రవాడు ఎందుకు వెళ్ళాడు?

పోగ్బా తల్లిదండ్రులు ఆఫ్రికాలోని గినీ దేశం నుంచి ఫ్రాన్సుకు వలస వచ్చినవాళ్ళు. పారిస్ దగ్గర పుట్టిన ఈ కుర్రవాడు పదహారేళ్ళ వయసులో, 2009లో, మాంచెస్టర్ క్లబ్బులో పని నేర్చుకోవడానికి చేరాడు. 2011లో కుర్రాళ్ళ జట్టుతో ఎఫ్.ఏ. యూత్ కప్పు గెలిచాడు. చేతిలో పని ఉంది. కానీ పెద్ద జట్టులో చోటు లేదు. మొత్తం మీద అతను పెద్ద జట్టుకు ఆడింది ఏడు ఆటలే.

2011 డిసెంబరు 31న ఒక ఆట జరిగింది. మాంచెస్టర్‌కు ఎదురు నిలిచింది పట్టికలో అట్టడుగున ఉన్న బ్లాక్‌బర్న్ జట్టు. మైదానం నడుమ ఆడవలసిన ఆటగాళ్ళు చాలామంది గాయాలతో ఉన్నారు. అయినా మేనేజరు సర్ అలెక్స్ ఫెర్గూసన్ ఈ కుర్రవాణ్ణి దింపలేదు. రక్షణ వరుసలో ఆడే రఫాయెల్‌ను, పక్కన పరుగెత్తే పార్క్ జీ సంగ్‌ను తెచ్చి నడుమ నిలబెట్టాడు. మాంచెస్టర్ 3-2 తేడాతో ఓడింది. ఆ తర్వాత వారం రోజులకే, అప్పటికే ఆట మానుకున్న ముప్పై ఏడేళ్ళ పాల్ స్కోల్స్‌ను తిరిగి పిలిపించి ఆడించారు. స్కోల్స్ గొప్ప ఆటగాడే, అందులో సందేహం లేదు. కానీ బెంచీ మీద కూర్చున్న కుర్రవాడికి దానితో ఏం అర్థమై ఉంటుంది? ఇక్కడ నా వంతు రాదు అనే కదా.

మన దగ్గర కూడా ఇదే చూస్తున్నాము. బదిలీ కార్మికుడుగా చేరిన కుర్రవాడు రోజూ గేటు దగ్గర నిలబడతాడు. మగ్గం ఖాళీగా ఉన్నా అతని చేతికి ఇవ్వరు. పక్క ఖాతా నుంచి పని తెలియనివాణ్ణి తెచ్చి నిలబెడతారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు. కళ్ళ ఎదుట ఎదిగినవాడు ఎప్పటికీ చిన్నవాడుగానే కనిపిస్తాడు.

ఫెర్గూసన్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. పందొమ్మిదేళ్ళవాడికి ఓపిక ఉండాలనీ, క్లబ్బు పట్ల గౌరవం ఉండాలనీ ఆయన భావించాడు. కుర్రవాడి తరఫున బేరమాడిన ఏజెంటుతో ఆయనకు పొసగలేదు. ఓపిక మంచిదే. కానీ ఓపిక పట్టమని చెప్పే యాజమాన్యం, ఎన్నాళ్ళు పట్టాలో, పట్టిన తర్వాత ఏం ఇస్తుందో కూడా చెప్పాలి. ఆ మాట చెప్పకుండా ఓపిక పట్టమంటే ఎవరు పడతారు?

ధర ఎలా పెరిగింది?

యువెంటస్‌లో పోగ్బా నాలుగేళ్ళు ఆడాడు. ఆ నాలుగేళ్ళూ ఇటలీ లీగ్ యువెంటస్‌దే. 2014 ప్రపంచ కప్పులో ఉత్తమ యువ ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది. 2015లో జట్టు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్ళింది. పనితనం పెరిగింది, నిజమే. కానీ పనితనం నూరు రెట్లు పెరగలేదు. మరి ధర నూరు రెట్లు ఎందుకు పెరిగింది?

ఇక్కడే మనం జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఉంది. క్లబ్బుకు క్లబ్బు ఇచ్చే ఆ సొమ్ము ఆటగాడి జీతం కాదు. అతని ఒప్పందంలో ఇంకా మిగిలి ఉన్న గడువును కొనే ధర. 2012లో మాంచెస్టర్‌తో అతని ఒప్పందం గడువు అయిపోయింది. అందుకే పని నేర్పినందుకు ఇచ్చే కొద్దిపాటి పరిహారం తప్ప క్లబ్బుకు ఏమీ దక్కలేదు. 2016 నాటికి యువెంటస్ దగ్గర 2019 వరకు రాసిన ఒప్పందం ఉంది. ఇంకా మూడేళ్ళు మిగిలి ఉన్నాయి. ఆ కాగితం చేతిలో ఉన్నవాడు అడిగిందే ధర.

రెండో కారణం టీవీ సొమ్ము. ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ ఆటలను 2016 నుంచి మూడేళ్ళ పాటు బ్రిటన్‌లో చూపించే హక్కు 513 కోట్ల పౌండ్లకు పైగా పలికింది. ఆ కొత్త ఒప్పందం మొదలైన నెలలోనే ఈ కొనుగోలు జరిగింది. కొనేవాడి జేబు నిండి ఉందని అమ్మేవాడికి తెలిస్తే ధర ఎలా ఉంటుందో సంతకు వెళ్ళే ప్రతి ఇల్లాలికీ తెలుసు.

ఆ 10 కోట్ల 50 లక్షల యూరోలలో ఖర్చులూ వాటాలూ పోను తమకు కలిగిన లాభం సుమారు 7 కోట్ల 26 లక్షల యూరోలని యువెంటస్ స్వయంగా ప్రకటించింది. మిగిలినదాంట్లో బేరం కుదిర్చినందుకు ఏజెంటుకు పెద్ద మొత్తమే ముట్టింది. మధ్యవర్తి లేని వ్యాపారం ఎక్కడా లేదు.

అయితే ఫుట్‌బాల్ నియమాలలో మనం మెచ్చుకోవలసిన అంశం ఒకటుంది. ఆటగాణ్ణి ఒప్పందం మధ్యలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి కొన్నప్పుడు, ఆ సొమ్ములో నూటికి 5 వంతులు పక్కన పెట్టాలి. పన్నెండేళ్ళ వయసు నుంచి ఇరవై మూడేళ్ళ వరకు అతనికి ఆట నేర్పిన క్లబ్బులకు దాన్ని పంచాలి. చిన్న ఊళ్ళోని చిన్న క్లబ్బుకు కూడా వాటా వస్తుంది. నేర్పినవాడికి భాగం ఉందని ఒప్పుకున్న నియమమిది. మన మిల్లుల్లో కొత్తవాడికి పడుగు, పేక, పోగు ముడి నేర్పేది పక్క మగ్గం మీది పాత కార్మికుడే. ఆ నేర్పినందుకు ఏ రిజిస్టరులోనూ పైసా రాయరు.

తిరిగి వచ్చాక ఏం జరిగింది?

పోగ్బా తిరిగి వచ్చిన మొదటి ఏడు మాంచెస్టర్ లీగ్ కప్పు, యూరోపా లీగ్ గెలిచింది. యూరోపా ఫైనల్లో అతనే ఒక గోలు కొట్టాడు. కానీ అతను ఉన్న ఆరేళ్ళలో లీగ్ ఒక్కసారి కూడా రాలేదు. మేనేజర్లు మారారు, ఆడే పద్ధతులు మారాయి. ఒకరు వెనక నిలబెట్టారు, ఒకరు ముందుకు తోశారు, ఒకరు బెంచీ మీద కూర్చోబెట్టారు. గాయాలు కూడా పీడించాయి. ఇంత ధర పెట్టాం, ఇంతేనా అని జనం అతన్నే తిట్టారు.

అదే మనిషి 2018లో ఫ్రాన్సు జట్టుతో ప్రపంచ కప్పు గెలిచాడు. ఫైనల్లో గోలు కొట్టాడు. అక్కడ అతని పక్కన కాంటే వంటి కష్టజీవి ఉన్నాడు. తన పని ఏమిటో అతనికి తెలుసు. మంచి నేతగాడికి పుచ్చు నూలు ఇచ్చి, పోగు తెగిన ప్రతిసారీ అతన్నే తిడితే గుడ్డ బాగుపడుతుందా? మాంచెస్టర్ క్లబ్బు మనిషిని కొన్నది కానీ ఖాతాను సరిచేయలేదు. తప్పంతా ఆటగాడిదే అనడం ఎంత తేలికో, అతనిలో ఏ లోపమూ లేదనడం కూడా అంతే తేలిక. రెండూ మేము అనడం లేదు. ఒక్క మనిషితో మిల్లు నడవదని మాత్రం అంటున్నాము.

చివరకు 2022లో ఒప్పందం గడువు ముగిసింది. పోగ్బా మళ్ళీ యువెంటస్‌కే వెళ్ళాడు. ఈసారి మాంచెస్టర్‌కు ఒక్క పౌండు కూడా రాలేదు. ఒకే మనిషిని రెండుసార్లు ఒప్పందం ముగిసేదాకా చూస్తూ ఉండి పోగొట్టుకున్నారు. యువెంటస్‌కు కూడా పాత మనిషి తిరిగి రావడం కలిసిరాలేదు. మోకాలి గాయంతో చాలాకాలం ఆడలేకపోయాడు. నిషిద్ధ పదార్థం కేసులో 2024లో నాలుగేళ్ళ నిషేధం పడి, అప్పీలులో 18 నెలలకు తగ్గింది. ఆ ఏడాదే యువెంటస్‌తో ఒప్పందం రద్దయింది.

ఇది ఒక్క క్లబ్బు కథ కాదు. లండన్‌లోని చెల్సీ క్లబ్బు లుకాకు అనే ఆటగాణ్ణి 2014లో 2 కోట్ల 80 లక్షల పౌండ్లకు అమ్మి, 2021లో 9 కోట్ల 75 లక్షల పౌండ్లకు తిరిగి కొన్నది. ఏడాది తిరగకముందే అతన్ని అంతకు ముందున్న ఇటలీ క్లబ్బుకే అద్దెకు పంపింది. అదే చెల్సీ మాటిచ్ అనే ఆటగాణ్ణి 2011లో వేరే కొనుగోలులో భాగంగా పోర్చుగల్‌కు పంపి, 2014లో 2 కోట్ల 10 లక్షల పౌండ్లకు తిరిగి తెచ్చుకుంది. అతనితో రెండుసార్లు లీగ్ గెలిచింది. ఒకరి విషయంలో చెడిన బేరం ఇంకొకరి విషయంలో ఫలించింది. మాటిచ్‌కు ఏ పని ఇవ్వాలో వాళ్ళకు ముందే తెలుసు. తేడా అక్కడ ఉంది.

స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ పద్ధతి వేరు. తమ దగ్గర ఎదిగిన కార్వహాల్ అనే కుర్రవాణ్ణి 2012లో 50 లక్షల యూరోలకు జర్మనీ క్లబ్బుకు అమ్మింది. అమ్మేటప్పుడే, మాకు కావాలంటే ఇంత ధరకు తిరిగి కొనుక్కుంటాము అని ఒప్పందంలో రాయించుకుంది. ఏడాది గడిచింది. కుర్రవాడు బాగా ఆడాడు. 65 లక్షల యూరోలకు తిరిగి తెచ్చుకుంది. 2024 నాటికి అతను ఆ క్లబ్బుతో ఆరుసార్లు ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. వాళ్ళు కుర్రవాణ్ణి పని నేర్చుకోవడానికి పంపారు, వదిలించుకోలేదు. తిరిగి వచ్చే దారి కాగితం మీద ఉంది.

ఈ హక్కు ఎక్కడిది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. 2012లో పోగ్బా ఒప్పందం ముగియగానే వెళ్ళగలిగాడు. అతని తాతల కాలంలో ఆటగాడికి ఆ అవకాశం లేదు.

ఈ ఆటను పెద్దది చేసింది మన వంటివాళ్ళే. మాంచెస్టర్ యునైటెడ్ 1878లో పుట్టినప్పుడు న్యూటన్ హీత్ రైలు పెట్టెల కర్మాగారం కార్మికుల జట్టు. 1883లో ఎఫ్.ఏ. కప్పు ఫైనల్లో పెద్దింటి బాబుల బడి పూర్వ విద్యార్థుల జట్టును ఓడించిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టులో నేత కార్మికులు ఉన్నారు. మిల్లులో వారమంతా పని చేసి శనివారం ఆడినవాళ్ళు. ఆడితే డబ్బు తీసుకోవచ్చని 1885లో ఒప్పుకున్నారు. ఆ వెంటనే సంకెళ్ళు కూడా వచ్చాయి. ఒప్పందం ముగిసినా క్లబ్బు అనుమతి లేనిదే ఆటగాడు వేరేచోటికి వెళ్ళకూడదన్నారు. 1901 నుంచి వారానికి 4 పౌండ్లకు మించి ఎవరికీ ఇవ్వకూడదని నియమం పెట్టారు.

1907లో మాంచెస్టర్‌లోనే ఆటగాళ్ళ యూనియన్ పుట్టింది. దాన్ని నిలబెట్టిన వాళ్ళలో ముఖ్యుడు బిల్లీ మెరెడిత్. పన్నెండేళ్ళకే బొగ్గు గనిలో దిగినవాడు, మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు. 1909లో యూనియన్ వదిలితేనే ఆట అని పైవాళ్ళు హుకుం జారీ చేశారు. చాలా జట్లు తలవంచాయి. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్ళు తలవంచలేదు. మేము వెలివేయబడినవాళ్ళం అని తమ జట్టుకు తామే పేరు పెట్టుకుని వేరే మైదానంలో సాధన చేశారు.

జీతం మీద ఆ గరిష్ఠ పరిమితి 1961 జనవరి దాకా పోలేదు. అప్పటికి అది వారానికి 20 పౌండ్లు. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళు సమ్మెకు సిద్ధపడితేనే దిగివచ్చారు. జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాణ్ణి న్యూకాజిల్ క్లబ్బు వదలనంటే, అతను ఆట మానేసి కార్క్ అమ్మే పనిలో చేరాడు. యూనియన్ అండతో కోర్టుకు వెళ్ళాడు. ఈ కట్టుబాటు న్యాయసమ్మతం కాదని 1963లో లండన్ హైకోర్టు చెప్పింది. ఒప్పందం ముగిసినా వెళ్ళనివ్వని పద్ధతి యూరప్‌లో ఇంకా మిగిలే ఉంది. దాన్ని 1995 డిసెంబరు 15న యూరప్ కోర్టు కొట్టివేసింది. ఆ కేసు వేసినవాడు బోస్మన్ అనే బెల్జియం ఆటగాడు. 1990లో ఒప్పందం ముగిశాక క్లబ్బు అతని జీతాన్ని నాలుగో వంతుకు తగ్గించజూసింది, వేరేచోటికి వెళ్ళడం కూడా కుదరనివ్వలేదు. అయిదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆ లోగా అతని ఆట కాలం కరిగిపోయింది. తాను కష్టాలపాలయ్యాడు. ఫలం తర్వాతివాళ్ళు తింటున్నారు.

బెంచీ మీద కూర్చున్న పోగ్బా లేచి వెళ్ళగలిగాడంటే ఈ మనుషుల పుణ్యమే. వెళ్ళగలిగాడు కాబట్టే యాజమాన్యానికి అతని విలువ తెలిసింది. వెళ్ళలేనివాడి విలువను ఏ యాజమాన్యమూ లెక్క కట్టదు.

మన సంగతి

ఇక్కడ ఒక తేడా ఉంది. ఆటగాణ్ణి తిరిగి తెచ్చుకుంటే ధర పెరుగుతుంది. మిల్లు కార్మికుణ్ణి తిరిగి తీసుకుంటే కూలి తగ్గుతుంది. మూతపడిన మిల్లు తెరిచినప్పుడు పాత మనిషే వస్తాడు, పాత మగ్గమే నడుపుతాడు. కానీ టికెట్ నంబరు కొత్తది, పేరు కాంట్రాక్టరు పుస్తకంలో, పాత సర్వీసు గాలికి. పనితనం అదే, ధర మాత్రం సగం. ఎందుకు? అతని వెనుక కాగితం లేదు, అతని పక్కన మనిషి లేడు.

రిట్రెంచ్ చేసిన కార్మికులకు, మళ్ళీ మనుషులను తీసుకునేటప్పుడు ముందు అవకాశం ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25-హెచ్ సెక్షన్ చెప్పింది. దానికి గడువు పెట్టలేదు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ హక్కు ఉంది కానీ, తొలగించిన ఏడాదిలోపు మనుషులను తీసుకుంటేనే అని గడువు పెట్టారు. ఏడాది దాటేదాకా యాజమాన్యం ఆగితే మన పని ఏమిటి? అందుకే తిరిగి వచ్చే దారిని రియల్ మాడ్రిడ్ రాయించుకున్నట్టు మనమూ ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఏ సెటిల్‌మెంటు మీద సంతకం పెట్టినా మూడు సంగతులు చూడండి. తిరిగి తీసుకునే హామీకి గడువు ఎంత? పాత సర్వీసు కలుస్తుందా? జీతం పాత గ్రేడులోనా, కొత్తవాడి కూలిలోనా?

ఇంకో మాట. ఆటగాళ్ళకు కోట్లు పోసిన మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బే 2024లో 250 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో మరో 150 నుంచి 200 అన్నది. పోయినవాళ్ళు ఆఫీసుల్లో, మైదానం పనుల్లో ఏళ్ళ తరబడి ఉన్న సిబ్బంది. వాళ్ళను తిరిగి కొనడానికి ఎవరూ కోట్లు పట్టుకుని రారు. ఒక్కడి పనితనం టీవీలో కనిపిస్తుంది, వందలమంది పనితనం కనిపించదు. కనిపించనివాళ్ళకు యూనియన్ తప్ప ఇంకో ఏజెంటు లేడు.

కాబట్టి ఆ కోట్లు చూసి అసూయపడవద్దు, ఆశ్చర్యపడవద్దు. మీ ఇంట్లో ఆట చూసే పిల్లలకు మెరెడిత్ పేరు, ఈస్ట్‌హామ్ పేరు, బోస్మన్ పేరు చెప్పండి. బదిలీలో ఉన్న మీ కుర్రవాళ్ళను యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. వాళ్ళ పేరు, చేరిన తేదీ, ఏ ఖాతాలో ఎన్ని రోజులు పని చేశారో మా పుస్తకంలో రాయించండి. ఆ లెక్క కాగితం మీద ఉంటేనే రేపు యాజమాన్యం ముందు పెట్టి మాట్లాడగలుగుతాము.


మీ యూనియన్ సెక్రటరీ